లైను తీసుకున్న మనిషి

నా పేరు శివరామకృష్ణయ్య. మా తాత ముగ్గురు దేవుళ్లను కలిపి పెట్టాడు గానీ, వాళ్లలో ఒక్కరి ఓర్పయినా నాకు అంటలేదు. ఈ మాట అన్నది నేను కాదు, మా ఆవిడ వసంతలక్ష్మి. నలభై ఏళ్ల కిందట మా నాన్న తణుకు దగ్గరున్న ఎకరంన్నర అమ్ముకుని తుంగభద్ర ఎడమ కాలువ కిందికి వచ్చాడు. కర్ణాటకలో మాన్వి తాలూకాలో, కాలువకు ఈ చివర నల్లరేగడి కొని వరి పెట్టాడు. మాలాంటి వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. ఇక్కడివాళ్లు మమ్మల్ని అప్పున్నా ఆస్తున్నా సావుకార్లనే పిలుస్తారు.

మా క్యాంపులో ఇంగ్లీషు అర్జీలు రాసేది నేనే. బీఏ రెండో ఏట ఆపేసినా ఇంట్లో ఇటుకంత డిక్షనరీ ఉంది, అది ఉందన్న పొగరు కూడా ఉంది. ఒకసారి మా పక్క చేను సుబ్బూ నేనూ పందెం వేసుకున్నాం. మన జనం నోట ఎక్కువ అర్థాలు మోసే ఇంగ్లీషు మాట ఏది అని. సుబ్బు ‘టైము’ అన్నాడు. నేను ‘లైను’ అన్నాను.

చూడండి మరి. మా ఇళ్లు మొదటి లైనులో ఉంటాయి, సుబ్బు వాళ్లవి మూడో లైనులో. రేషను దుకాణం ముందు నిలబడితే లైను. కూలీలు తాడు కట్టి నాటితే లైను నాట్లు. ఫోనులో అవతల మనిషి లైనులో ఉంటాడు. సబ్బులూ బిస్కెట్లూ అమ్మే కుర్రాడు మంగళవారం మంగళవారం మా వైపు లైనుకు వస్తాడు. ఆడపిల్ల వెనక తిరిగితే లైను వేస్తున్నాడంటారు. చదువబ్బకపోతే వాడి లైను వేరంటారు. రాయచూరు వెళ్తే రైలు లైను, ఇంటికొస్తే కరెంటు లైను. డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాటకే పేజీలు పేజీలు. ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట ఇంతమందికి ఇన్ని పనులు చేసిపెడుతోందే అని నాకే ఆశ్చర్యం వేసింది. సుబ్బు ఓడిపోయి మిరపకాయ బజ్జీలు తినిపించాడు. ఆ మాట గురించి నాకింక తెలియనిది లేదనుకున్నాను.

మార్చి రెండో వారం. వరి పాలు పోసుకుంటోంది. అప్పుడు తడి అందకపోతే గింజ తాలయిపోతుంది, తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా నిండదు. మాది కాలువ చివరి భూమి, పైగా మెరక. పైవాళ్లు వాడుకోగా మిగిలిందే మాకు. పన్నెండు రోజులకోసారి మా పిల్లకాలువకు వంతు వస్తుంది. ఆ రోజు సాయంత్రం అయిదింటికి తూము దించేస్తారు. ఆలోగా మోటారుతో ఎత్తి పోసుకుంటేనే నా ఆరెకరాలు తడుస్తాయి. ఆ పంట పోతే నాకు ఏడాదంతా పోయినట్టే.

సరిగ్గా ఆ రోజే పదిన్నరకు కరెంటు పోయింది. పదకొండయింది, పన్నెండయింది, ఒంటిగంట దాటింది. కళ్లముందే కాలువ నిండుగా పారుతోంది, పక్కనే నా చేను నెర్రెలిచ్చి ఉంది. వసంతలక్ష్మి మోటారు దగ్గర గొడుగేసుకుని కూర్చుంది.

“ఇక్కడ కాలుగాలిన పిల్లిలా తిరిగే బదులు సబ్‌స్టేషనుకు వెళ్లి అడగొచ్చు కదండీ?” అంది. “నేనుంటాలెండి ఇక్కడ. కరెంటు రాగానే వేస్తాను.”

నాకు ఆ మాత్రం చాలు. బండి తీశాను.

నేను వెళ్లేసరికి సబ్‌స్టేషను ముందు ఇరవైమంది రైతులున్నారు, సుబ్బుతో సహా. లోపల ఆపరేటరు హేమశ్రీ ఒక్కతే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. రాయచూరు బజారులో ఇనప సామాన్ల కొట్టు వాళ్లమ్మాయి, రోజూ బస్సులో వచ్చి వెళ్తుంది. ఆమె తెలుగు మా తెలుగులా ఉండదు, పాలమూరు వైపు మాట. నేను గుంపును తోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లాను.

“ఏమ్మా, లైను ఎప్పుడిస్తావు?”

“లైను నా దగ్గర లేదు సార్. జంబన్న దగ్గరున్నది.”

నాకు కోపంలోనూ నవ్వొచ్చింది. “లైను తీగల్లో ఉంటుందమ్మా. మనిషి దగ్గర ఎలా ఉంటుంది? నీకు ఇంగ్లీషు చెప్పిన పంతులెవరు?”

వెనక సుబ్బు కిసుక్కుమన్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు, విసుక్కోలేదు. ముందున్న రిజిస్టరు నా వైపు తిప్పింది. ఆ పేజీలో నంబరు, టైము, జంబన్న పేరు ఉన్నాయి, పక్కన తిరిగి ఇచ్చిన వేళ రాసే గడి మాత్రం ఖాళీగా ఉంది.

“జంబన్న మా లైన్‌మ్యాన్. పొద్దుగాల పది ముప్పైకి ఈ లైను ఆపి, పని చేసుకోనీకి ఆయనకు క్లియరిచ్చిన. అప్పటిసంది లైను ఆయనది. పోలెక్కి తీగ కడుతున్నడు. పనయినంక ఆయనే మాట్లాడి నాకు తిరిగియ్యాలె. తీసుకున్న మనిషే ఇయ్యాలె సార్, ఇంకొకరు ఇయ్యరాదు. అప్పటిదాంక అది నాది కాదు, మీది కాదు, మా పెద్ద సారుది గూడ కాదు.”

“అయితే ఫోన్ చెయ్యి.”

“పన్నెండు నుంచి చేస్తనే ఉన్న. స్విచ్చాఫ్ వస్తున్నది.”

“ఇంకో మనిషిని పంపు!”

“ఆయన జతగాడు లింగప్ప సెలవుల ఉన్నడు. నేను ఈ కుర్చీ ఇడిసిపెట్టి పోరాదు. మీల ఎవరన్న పోయి చూసొస్తరా? హులిగెమ్మ గుడి దాటినంక కాలవ కట్టెంబడి పోతే ఏదో ఒక పోలు కాడ ఉంటడు.”

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. వాడు పని ఎప్పుడో ముగించి ఏ చెట్టు కిందో కునుకు తీస్తుంటాడు, వాడికోసం ఎండలో మేం తిరగాలా అని మా అందరి మనసులోనూ ఉంది. ఒకాయన ఆ మాట పైకే అన్నాడు.

ఇంతలో బల్ల మీది ఫోను మోగింది. ఎవరో పెద్దమనిషి. అవతలి అరుపు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపిస్తోంది. ఆమె అంతా విని, “జంబన్న తిరిగియ్యలే సార్” అంది. మళ్లీ మోగింది. ఈసారి ఇంకా పెద్ద మనిషి. “జంబన్న తిరిగియ్యలే సార్.” మూడోసారీ అంతే. గొంతు పెరగలేదు, తగ్గలేదు. రిసీవరు పెట్టిన ప్రతిసారీ రిజిస్టరులోని ఆ ఖాళీ గడి మీద వేలు ఆనించేది, నేను చూశాను. చూసి కూడా నా మనసు కరగలేదు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

అప్పుడు నేను ఒక పని చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

“జంబన్ననా? ఆ పొట్టిగా, బట్టతలతో ఉంటాడు, అతనేనా?” అన్నాను. “అయ్యో, ముందే చెప్పొద్దూ! వచ్చేటప్పుడు సిరవార క్రాసులో టీ తాగుతున్నాడు. పనైపోయిందట. ఫోను చచ్చిపోయింది, లైను ఇచ్చెయ్యమని హేమమ్మకు చెప్పండి అన్నాడు. మాటల్లో పడి మర్చిపోయాను.”

గుంపంతా హమ్మయ్య అంది. ఇక్కడ నోటిమాట మీదే బోలెడు పనులు జరిగిపోతాయి. ఫలానాయన చెప్పమన్నాడు అంటే తూము లేస్తుంది, లారీ కదులుతుంది. నేను చెప్పింది కూడా అలాగే చెల్లిపోతుందనుకున్నాను. సుబ్బు నా భుజం మీద తట్టి, “ఇంకేంటమ్మా, మీటనొక్కు!” అన్నాడు.

 హేమశ్రీ ఇంకో తెల్ల పుస్తకం తీసి, పెన్ను మూత తీసి, రెండూ నా ముందు పెట్టింది.

“మంచిది సార్. అయినా నేనియ్య. కానీ మీరు చూసిననని చెప్తున్నరు గదా, గంతే రాయండి. జంబన్న పోలు దిగిండు, నా కండ్లతోని చూసినా అని రాసి, కింద సంతకం పెట్టండి. మా పెద్ద సారుకు ఫోన్ల చదివి ఇనిపిస్త.”

దానికేం భాగ్యం అనుకుని పెన్ను తీసుకున్నాను. మా క్యాంపులో నేను పెట్టినన్ని సంతకాలు ఎవరూ పెట్టి ఉండరు. ‘జంబన్న’ అని రాశాను. తర్వాతి మాట రాయబోయేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒకవేళ దిగకపోతే? గంట నుంచి ఇంత అరిచానా, ఆ ప్రశ్న ఒక్కసారైనా నా బుర్రలోకి రాలేదు. నా వెనక ఇరవైమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. పెన్ను బల్ల మీద పడేశాను.

“సంతకాలేంటి సంతకాలు! నేనేమన్నా దొంగనా? ఉండు, వాణ్ణే తీసుకొచ్చి నీ ముందు నిలబెడతాను!” అని అరిచి బయటికొచ్చేశాను. పరువు కాపాడుకోవడానికి నాకు ఆ క్షణంలో కోపం తప్ప ఇంకేం దొరకలేదు.

హులిగెమ్మ గుడి దాటి కాలువ గట్టెక్కాను. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరుసగా పోళ్లు. ప్రతి పోలూ చూసుకుంటూ వెళ్తున్నాను. ఎండ నెత్తిన మండుతోంది. ఖాళీ పోలు కనిపించినప్పుడల్లా, చూశావా, దిగిపోయాడు, నేను చెప్పింది నిజమే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అలా రెండు మైళ్లు పోయాక గట్టు మలుపు తిరిగింది.

పోలు మీద మనిషి ఉన్నాడు.

నడుముకు బెల్టు, కాళ్లు కమ్మీ మీద, రెండు చేతులూ తీగ మీద. తీగ ఆయన ఛాతీకి ఆనుకుని ఉంది. చెంప అడ్డకమ్మీకి ఆనించి, ఏదో దేవుడి పాట కన్నడంలో కూనిరాగం తీస్తూ, సన్న తీగతో పింగాణీ గుబ్బకు కట్టు వేస్తున్నాడు. నేను బండి ఆపడం కూడా మర్చిపోయాను. అదే ఆగి పక్కకు ఒరిగింది.

  నా మాట నమ్మి ఆ పిల్ల మీట నొక్కి ఉంటే ఆ పాట అక్కడితో ఆగిపోయేది. చంపేసేవాణ్ణి. ఆరెకరాల తడి కోసం, పేరు కూడా ఆ పూటే తెలిసిన మనిషిని, మూడు మైళ్ల దూరంలో నిలబడి నోటితో చంపేసేవాణ్ణి. గట్టు మీద కూలబడిపోయాను.

పైనుంచి గొంతు వినిపించింది. “ఎవరు? క్యాంపు సావుకార్రా? ఇంత ఎండల ఏంది గిట్ల వచ్చినరు?”

“నీ కోసమే జంబన్నా. నీ ఫోను...”

“ఎక్కంగనే జేబులకెల్లి జారి కాలవల పడె. ఇగో, ఇదొక్క కట్టు ఉన్నది. ఆపేటిది కాదు, చెయ్యి తీస్తే అంత ఊడొస్తది.”

తొందరగా కానివ్వు అన్న మాట అలవాటుకొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పక్కనే నా వంతు నీళ్లు పోతున్నాయి. పోనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

“నువ్వింకా పైనున్నావని ఆ అమ్మాయికి తెలియదు కదయ్యా. అయిపోయిందనుకుని కరెంటు వదిలేస్తేనో?”

ఆయన పని ఆపకుండానే నవ్వాడు. “ఎయ్యదు.”

“ఇరవైమంది మీద పడి అరుస్తున్నారక్కడ. పెద్దవాళ్లు ఫోన్లు చేస్తున్నారు.”

“చెయ్యని. ఎయ్యదు. మీ రైతులంత బాధపడ్తున్నరని తెల్సు సావుకార్రే, కానీ ఫోను పోయిందని నేను గడబిడ చేస్తే కట్టు చెడుతది. నేనియ్యంది ఆమె తీసుకోదు. అందుకే నిమ్మళంగ చేస్తున్న.”

“పొరపాటున కరెంటొచ్చినా నేలలోకి దిగిపోయేలా ఎర్తు వేశావు కదా?”

“ఏసిన. అది గొలుసు. గాలికి జారొచ్చు. హేమమ్మ జారదు.”

నేను మెడ పైకెత్తి చూస్తూ ఉండిపోయాను. నాలుగు గంటలకు పైగా ఈ మనిషికీ ఆ పిల్లకూ మధ్య ఒక్క మాట లేదు. ఆమెకు ఈయన ఎక్కడున్నాడో తెలియదు, ఈయనకు అక్కడ ఏం జరుగుతోందో తెలియదు. అయినా ఆమె అక్కడ ఈయన ప్రాణం పట్టుకుని కూర్చుంది, ఈయన ఇక్కడ పాట పాడుకుంటున్నాడు.  నేను ఎన్నోసార్లు గుళ్లకు వెళ్లాను, తిరుపతి కొండ నడిచి ఎక్కాను, అంత నమ్మకం ముందు నిలబడటం మాత్రం నాకదే మొదటిసారి. ఇదా లైనంటే! ఇంతకాలం ఆ మాటను ఎన్ని విధాల వాడానో లెక్కపెట్టుకుని మురిసిపోయాను. ఇద్దరు మనుషులు దాన్ని ఇలా ఇచ్చిపుచ్చుకుంటారని, ఇచ్చినవాళ్లు దాన్ని ముట్టుకోరని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా డిక్షనరీ తీసి వాదించేవాణ్ణి.

పావుగంటకు కట్టు పూర్తయింది. సంచీ దించాడు, తాడు దించాడు, తనూ దిగాడు, అవతలి పోలుకు వేసిన ఎర్తు గొలుసు విప్పుకొచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. యాభై దాటిన మనిషి. నా ఫోనులో సబ్‌స్టేషను నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి ఇచ్చాను. అందరంటే అక్కడ మేమిద్దరమే.

“నేను జంబన్నను.”

 అవతల హేమశ్రీ ఊపిరి గట్టిగా వదలడం వినిపించింది. కానీ తర్వాత వచ్చిన గొంతు ఎప్పటి గొంతే. “లైన్ క్లియర్ నంబరు చెప్పు.”

ఆయన ఎడమ ముంజేయి తిప్పాడు. దాని మీద నీలం పెన్నుతో రాసుకున్న అంకెలు చెమటకు సగం చెరిగాయి. “నూట నలభై ఏడు.”

“మనుషులు దిగిండ్రా?”

“దిగినం.”

“సామాన్లు?”

“దించినం.”

“ఎర్తు?”

“తీసిన.”

“లైను తిరిగిస్తున్నవా?”

“లైను తిరిగిస్తున్న.”

“నూట నలభై ఏడు, జంబన్న, మూడు యాభై రెండుకు లైను తిరిగిచ్చిండు. తీసుకున్న.”

పెళ్లిలో పంతులుగారు చెప్పించినట్టు ఒక్కో మాటా అడిగి, అనిపించి, మళ్లీ తను అంది. నేను తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండు నిమిషాల్లో పైన తీగ సన్నగా ఝుమ్మంది. కాలువ పొడుగునా ఒక్కొక్క మోటారే అందుకుంది. తూము దించడానికి ఇంకా గంట ఉంది. మా వైపు నుంచి కూడా మోటారు చప్పుడు మొదలైంది.

జంబన్న ఫోను తిరిగిచ్చి తాడు చుట్టుకుంటున్నాడు. అప్పుడే వెళ్లిపోవచ్చు నేను. వెళ్లలేకపోయాను.

“జంబన్నా, నీకొక మాట చెప్పాలి. నువ్వు దిగిపోయావనీ, టీ తాగుతుండగా చూశాననీ ఆ అమ్మాయికి చెప్పాను. అబద్ధం చెప్పాను. కరెంటు ఇచ్చేస్తుందన్న ఆశతో చెప్పాను.”

తాడు చుడుతున్న చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

“చెప్తరు సావుకార్రే. నేను లైను తీసుకున్న ప్రతిసారి ఎవరో ఒకరు చెప్తరు. దిగిండని ఒకరు, ఇంటికి పోయిండని ఒకరు. హేమమ్మ ఈ మాట నాకు చెప్పదు, గానీ నాకు తెల్సు.” ముడి బిగించాడు. “చెప్పినోళ్లల పోలు కాడిదాంక వచ్చి చూసింది మాత్రం మీరే.”

అది మెచ్చుకోలు కాదు. అయినా ఆయన దాన్ని అంత మామూలుగా అనడం నేను భరించలేకపోయాను.  ఆ తాడు చుట్ట ఆయన చేతిలోంచి తీసుకుని నా భుజాన వేసుకున్నాను. వద్దు వద్దంటున్నా వినకుండా, గట్టు కింద ఉన్న ఆయన బండి దాకా మోశాను. ఆరెకరాల్లో ఎన్నెకరాలు తడిశాయో, ఇంటికి వెళ్లాక వసంతలక్ష్మి చెప్పేదాకా అడగాలని కూడా నాకు తోచలేదు.